తకియాలో బటన్లు

రెండువేల ఇరవై మూడు, రోహిణి కార్తె. హగరి ఏరు ఎండిపోయి, నీళ్ళు పారాల్సిన చోట ఇసుక మీద వడగాలి పారుతున్న రోజులు.

ఆ ఎండల్లో మదారుకు ఒకే ఒక్క కోరిక మిగిలింది. పొద్దు మునిగే వేళ కాసేపు కూర్చోవాలి. అంతకుమించి ఏమీ లేదు.

అతను ఉండేది ఉరవకొండకు ఆవల, ఏటి ఒడ్డున, ఒక చిన్న తకియాలో. తకియా అంటే ఫకీరు తల దాచుకునే చోటు. అక్కడి గురువు హొన్నూరయ్య. దూదేకుల ఇంట్లో పుట్టి, చిన్నతనంలో పత్తి ఏకి, వయసులో దేవుడి పేరు పట్టుకుని ఊళ్ళు తిరిగి, ముసలితనంలో ఇక్కడ కుదురుకున్నాడు. తాయెత్తులు కట్టడు. జాతకాలు చెప్పడు. దిక్కులేని ముసలివాళ్ళు ఎవరైనా గేటు దగ్గర కూలబడితే లోపల ఒక మంచం వేయిస్తాడు. అట్లా ఆరు గదుల్లో ఆరుగురు చేరారు. ఏ కులమని, ఏ దేవుడని అక్కడ ఎవరూ అడగలేదు.

వాళ్ళను చూసుకునేది మదారు ఒక్కడే. హొన్నూరయ్యకు మోకాళ్ళు అరిగిపోయాయి. గోడ పట్టుకుంటే తప్ప నాలుగడుగులు వేయలేడు.

మదారు ఇంతకుముందు బళ్ళారిలో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. భార్య పోయాక చేతిలో పని నిలవలేదు. మనసు అసలే నిలవలేదు. ఒకరోజు వచ్చి హొన్నూరయ్య కాళ్ళ దగ్గర కూర్చుని, "అయ్యా, నాకు దారి చూపించండి" అన్నాడు.

హొన్నూరయ్య చెయ్యి చాపి నీళ్ళ బిందె చూపించాడు.

"ఆ చివరి గదిలో ఆయమ్మకు దప్పికయింది. పో."

అప్పట్నుంచి మదారు పోతూనే ఉన్నాడు.

తెల్లారితే గంజి, మందులు, పక్కబట్టలు, స్నానాలు. ఎండాకాలం వచ్చిందంటే వీటి మీద ఫ్యాన్లు. బండల మిద్దెలు మధ్యాహ్నానికి పెనాల్లా కాగుతాయి. స్విచ్‌లు తలుపుల పక్కన, మనిషి నిలబడితే అందే ఎత్తులో ఉన్నాయి. మంచాల మీద వాళ్ళు నిలబడగలిగిన వాళ్ళు కారు.

"మదారూ, గాలప్పా."

"మదారూ, ఆపు నాయనా. ఒళ్ళంతా జిల్లుమంటాంది."

"నేను పిలవలేదు, పిలిచింది పక్క గదిలో. ఎట్లాగూ వచ్చినావు గాబట్టి ఈ దిండు సర్దిపో."

ఇక పొద్దు మునిగేటప్పుడు ఊదు, అంటే సాంబ్రాణి. మట్టి గిన్నెలో నిప్పులు పోసి, పైన ఊదు పొడి చల్లి, గది గదికీ తీసుకుపోవాలి. మంచం మీద ఉన్నవాళ్ళు ఆ పొగ మీద రెండు అరచేతులూ పట్టి కళ్ళకద్దుకుంటారు. అది హొన్నూరయ్య పెట్టిన ఆచారం. నడవగలిగినన్నాళ్ళు తానే తిరిగాడు. నడవలేక గిన్నె మదారు చేతికిచ్చాడు.

పొగ పట్టడానికి ఎంతసేపు కావాలి? కానీ ప్రతివాళ్ళ దగ్గరా ఒక మాట ఉంటుంది. చూపు లేని నాగలక్షుమ్మకు మధ్యాహ్నం కల వచ్చి ఉంటుంది. ఖాజాబీకి నడుం పట్టి ఉంటుంది. ఎర్రిస్వామికి ఎప్పటిదో పాత బస్సు కథ గుర్తొస్తుంది. గిన్నెలో నిప్పులు నివురుగప్పిపోతున్నా వాళ్ళ మాటలు తెగవు. ఆరో గది దాటేసరికి మదారు కాళ్ళు కర్రలయ్యేవి.

ఆ ఏడు భక్తులకు తకియా మీద దయ కలిగింది. బెంగుళూరులో కంప్యూటర్ పని చేసే ఒకాయన స్మార్ట్ ప్లగ్గులు పంపాడు. ప్లగ్గును గోడ సాకెట్‌లో గుచ్చి, దానికి ఫ్యాను తగిలిస్తే, ఉన్న చోట ఉండి ఫోన్‌తో తిప్పొచ్చు, ఆపొచ్చు. హైదరాబాదు నుంచి ఒక డాక్టరమ్మ ఇంకో కంపెనీ ప్లగ్గులూ దీపాలూ పంపింది. బళ్ళారి బట్టల వ్యాపారి మంచం పట్టెకు అంటించుకునే బటన్లు తెచ్చాడు. వాటికి తీగ ఉండదు. ఇవి చాలవన్నట్టు ఎవరో పుణ్యాత్ములు కరెంటుతో పనిచేసే సాంబ్రాణి గిన్నెలు గదికొకటి చొప్పున ఇచ్చిపోయారు.

అన్నీ వచ్చాయి గానీ ఎవరికి వారే యమునా తీరే. ఒక కంపెనీ బటన్ నొక్కితే ఇంకో కంపెనీ ప్లగ్గు పలకదు. ప్రతిదానికీ ఫోన్‌లో వేరే యాప్. రెండో గదిలో ఫ్యాను తిప్పాలంటే అది ఏ యాప్‌లో ఉందో వెతుక్కునే లోపల లేచిపోయి స్విచ్ వేసి రావచ్చు. నెట్ పోతే కొన్ని ప్లగ్గులు పూర్తిగా మూగవే. అవి పక్క గదిలో ఉన్న దీపంతో మాట్లాడాలన్నా, సముద్రాల అవతల ఉన్న కంపెనీ కంప్యూటర్‌ను అడిగి రావాలి.

ఆ సంగతి మదారు చెప్పినప్పుడు హొన్నూరయ్య బోసినోటితో నవ్వాడు.

"పక్క గదికి మాట చేరడానికి సముద్రం దాటల్ల అంటావు."

"అట్లనే చేసినారయ్యా వాళ్ళు."

"మన పీర్ల పండగ మాదిరుందిరా. ఒక్కో పీరుకు ఒక్కో ముజావరు. ఒకడు ఎత్తే పీరును ఇంకొకడు ముట్టడు."

"అన్నిట్నీ ఒక తాటి మీదికి తెస్తానయ్యా. బళ్ళారిలో నాకు తెలిసినోళ్ళున్నారు. చిన్న పెట్టె ఒకటి ఉంటాది, కంప్యూటర్ మాదిరి. దాన్ని ఇక్కడ పెడితే అన్నీ దాని మాటే వింటాయి. మీరు ఊ అంటే చాలు."

హొన్నూరయ్య కాసేపు మదారు మొహం చూశాడు. కళ్ళ కింద నలుపు చూశాడు. వాచిన పాదాలు చూశాడు.

"చెయ్యి" అన్నాడు. "అలిసిపోయినావు నువ్వు."

మదారు పని మొదలుపెట్టాడు. మొండి ప్లగ్గులను విప్పి, కంపెనీ వాడి ప్రోగ్రాం తీసేసి వేరేది ఎక్కించాడు. రెండు కాలిపోయాయి. వైఫై అందని గదికి మిద్దె మీద నుంచి తీగ లాగాడు. పెట్టె ఒకసారి అన్నిటినీ గుర్తుపట్టేది, కరెంటు పోయి వస్తే సగం మరిచిపోయేది. ఆ రోజుల్లో గంజి చాలాసార్లు అడుగంటింది. ఎవరూ ఏమీ అనలేదు. "మాడు వాసనొస్తే మదారు పెట్టె దగ్గరున్నట్టు లెక్క" అని మాత్రం ఖాజాబీ అనేది.

చివరికి అన్నీ ఒక తాటి మీదికి వచ్చాయి. నాలుగు యాప్‌లు పోయి ఒకటే మిగిలింది. బటన్లు ఏ కంపెనీవైనా వాటికి ఒకటే పద్ధతి పెట్టాడు. దాన్ని గది గదికీ పోయి నేర్పాడు.

"ఒకసారి నొక్కితే దీపం. రెండుసార్లు నొక్కితే ఫ్యాను. నొక్కి అట్లనే ఒత్తి పట్టుకుంటే నా ఫోన్ మోగుతాది, నేనొస్తా."

నాగలక్షుమ్మ బటన్‌ను వేళ్ళతో తడిమి చూసుకుంది.

"ఒకసారికి దీపమా? గుడ్డిదానికి దీపమేల నాయనా. నాకు ఆ ఒక్క నొక్కు తగ్గించు."

"అందరికీ ఒకటే పద్ధతి అవ్వా. మారిస్తే మళ్ళీ కలగాపులగమైపోతాది."

"సరేలే. వెలిగించుకుని కూచుంటా, దోమలకన్నా కనపడతా."

ఖాజాబీకి చేతులు వణుకుతాయి. ఆమె ఒకసారి నొక్కబోతే మూడుసార్లయ్యేది. నేర్చుకుంటానంది. ఎర్రిస్వామి మాత్రం చిన్నపిల్లవాడైపోయాడు. ఆయన బస్సు కండక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. కుడిచెయ్యి బటన్ మీదే ఉండేది. ఫ్యాను తిరిగితే "రైట్ రైట్" అనేవాడు, ఆగితే "దిగండి దిగండి, ఉరవకొండ" అనేవాడు. అటు దీపం, ఇటు ఫ్యాను. మదారు ఫోన్‌లో ఆ గది గుర్తు రోజంతా మిణుకుమిణుకుమంటూనే ఉండేది.

"ఎర్రిసామన్నా, బ్యాటరీ అయిపోతాది."

"కానీప్పా. డీజిలేం కాదు గదా."

అన్నిటికంటే మదారు మురిసిపోయింది గేటు దగ్గర అరుగు పక్కన పెట్టుకున్న ఒక్క బటన్‌ను చూసి. పొద్దు మునిగే వేళ దాన్ని నొక్కితే ఆరు గదుల్లో దీపాలు వెలిగి, ఆరు కరెంటు గిన్నెల్లో సాంబ్రాణి ఒకేసారి పొగ వదిలేది. మట్టి గిన్నె కడిగి వంటింట్లో బోర్లించాడు.

మొదటిరోజు బటన్ నొక్కి అరుగు మీద కూర్చున్నాడు. గదుల్లోంచి పొగ మెల్లగా వాకిట్లోకి వచ్చింది. ఏటి మీద పొద్దు ఎర్రగా మునుగుతోంది. ఇన్నాళ్ళు ఇక్కడుండి, పొద్దు మునగడం తీరుబడిగా చూడడం అతనికి అదే మొదలు.

గోడ పట్టుకుంటూ హొన్నూరయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. వంగి మదారు పాదం ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు నొక్కసాగాడు.

మదారు ఉలిక్కిపడి కాలు లాక్కోబోయాడు. "అయ్యా, తప్పు. మీరు నా కాళ్ళు పట్టడమేంది."

"ఉండనీ. రాయి మాదిరైనాయి ఇవి."

"పాపం తగులుతాది నాకు."

"తగిలితే నాకు చెప్పు, సగం తీసుకుంటా."

హొన్నూరయ్య వేళ్ళలో ఇంకా పత్తి ఏకినవాడి బలం ఉంది. మదారు కళ్ళు మూతపడ్డాయి. ఊదు గురించి గురువు ఏమైనా అంటాడేమోనని కాస్త ఎదురుచూశాడు. ఆయన అనలేదు. ఇద్దరూ చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నారు.

తర్వాత గురువారం వచ్చిన భక్తులకు మదారు అంతా చూపించాడు. అరుగు మీంచి లేవకుండానే మూడో గది ఫ్యాను తిప్పాడు, ఐదో గది దీపం ఆర్పాడు. బళ్ళారి వ్యాపారి ముక్కు మీద వేలేసుకున్నాడు. "మదారయ్యా, కూచున్న చోటి నుంచే అందర్నీ చూసుకుంటాండావు. సగం పీరువైపోయినావు నువ్వు." మదారు నవ్వి, కాదన్నట్టు తలూపాడు గానీ, ఆ మాట లోపల తియ్యగానే ఉండిపోయింది.

భక్తులు పోయేసరికి పొద్దు వాలింది. అరుగు దగ్గర బటన్ నొక్కాడు. దీపాలు వెలిగాయి, పొగ వచ్చింది. అందరికీ సంగటి పెట్టాలి. పొద్దున్నుంచి వచ్చేపోయేవాళ్ళతో నిలబడి నడుం విరిగిపోయి ఉంది. గదుల్లో నిలవకుండా గిన్నెలు మంచాల పక్కన స్టూళ్ళ మీద పెట్టుకుంటూ పోయాడు. ఎర్రిస్వామి గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకుని మదారు సంగటి గిన్నె మీద మూత పెట్టి వచ్చేశాడు.

అరుగు మీద అలా నడుం వాల్చాడో లేదో ఫోన్‌లో ఎర్రిస్వామి గది గుర్తు మిణుకుమంది. దీపం ఆరింది. వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది.

ముసలాయన లేచి ఆట మొదలుపెట్టాడు అనుకున్నాడు మదారు. కాసేపు చూశాడు. ఆగలేదు. వెలగడం, ఆరడం, వెలగడం. లేచిపోయి చెప్పి రావాలంటే వాకిలి దాటాలి. కాళ్ళు ఒప్పుకోలేదు. అయినా లేవాల్సిన పనేముంది? అన్నీ ఒక తాటి మీద ఉన్నాయి. ఫోన్‌లో వేలు పెట్టి ఆ గది దీపం ఆర్పాడు. ఆ బటన్‌ను పొద్దున దాకా పలకవద్దని పెట్టెకు చెప్పాడు.

గుర్తు నిమ్మళించింది. మదారు నిద్రపోయాడు.

పొద్దున గంజి తీసుకుపోతే ఎర్రిస్వామి మంచానికీ గోడకూ మధ్య ఒరిగిపోయి ఉన్నాడు. మూతి ఒక పక్కకు లాగేసింది. కుడిచెయ్యి కింద వేలాడుతోంది. ఎడమచెయ్యి అడ్డంగా చాచి, బొటనవేలు బటన్ మీద పెట్టి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. మదారును చూశాయి.

అనంతపురం పెద్దాసుపత్రిలో డాక్టర్ మంచివాడు. కేకలేయలేదు.

"ఇది ఎప్పుడు మొదలైంది?"

మదారు తల అడ్డంగా ఊపాడు.

"పోనీ, చివరిసారి ఈయన బాగుండగా మీరు చూసింది ఎప్పుడు?"

మదారు ఆలోచించాడు. దీపం చూశాడు. పొగ చూశాడు. ఫోన్‌లో గుర్తు చూశాడు. గోడ వైపు తిరిగిన వీపు చూశాడు. మనిషిని ఎప్పుడు చూశాడో గుర్తు రాలేదు.

"మూతి వంకర పోయిన వెంటనే తెచ్చింటే ఇంజెక్షన్ ఉంది" అన్నాడు డాక్టర్. "ఇప్పుడు ఆ వేళ దాటిపోయింది. ప్రాణానికి భయం లేదు."

కొన్నాళ్ళకు ఎర్రిస్వామికి మాట కూడదీసుకోవడం వచ్చింది. నాలుక మందంగా, ఒక్కో మాట మోసుకొచ్చినట్టు మాట్లాడేవాడు. మదారు మంచం పక్కన నేల మీద కూర్చుని, అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"అన్నా, ఒత్తి పట్టుకుంటే నా ఫోన్ మోగేది గదా. చెప్పినా గదా నీకు."

"చెప్పినావు." ఎర్రిస్వామి చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఆ యాలకు అది యాడ గుర్తొస్తాదప్పా. బస్సులో రెండు కొడితే పోవల్ల. ఒకటి కొడితే ఆపల్ల. ముప్ఫై ఏండ్లు అదే కొట్టినా. ఆపమని... ఒకటే కొడతా వచ్చినా."

మదారు తల పైకెత్తలేదు.

"డ్రైవరు ఆపలే" అన్నాడు ఎర్రిస్వామి. నవ్వబోయాడు. మూతి సగమే కదిలింది.

మళ్ళీ ఆయనే అన్నాడు. "పొద్దు మునిగేటప్పుడే చెయ్యి బరువెక్కింది. ఊదు తెస్తావు గదా, చెప్దామనుకున్నా. పొగ వచ్చింది. నువ్వు రాలే."

ఎర్రిస్వామిని తిరిగి తకియాకు తెచ్చేసరికి ఆరుద్ర కార్తె వచ్చేసింది. మబ్బులు వస్తున్నాయి గానీ ఉక్క తగ్గలేదు. అన్నాళ్ళూ తకియా పని హొన్నూరయ్యే చేశాడు. ఒక చేతిలో గంజి గిన్నె, ఒక చెయ్యి గోడ మీద. గోడకు ఆయన చెయ్యి ఆనిన చోటల్లా సున్నం రాలి చార పడింది. మదారు ఆ చారను చూసి, గోనెసంచి తెచ్చి గది గదికీ పోయి ప్లగ్గులు పీకడం మొదలుపెట్టాడు. బటన్లు ఊడదీశాడు. పెట్టెను తీగలతో సహా లాగి సంచిలో వేశాడు.

"యాడికిరా?" అన్నాడు హొన్నూరయ్య వాకిట్లోంచి.

"ఏట్లో పూడ్చొస్తానయ్యా."

"మరి ఫ్యాన్లు?"

"నేనే లేచి వేస్తా. ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు."

"నాలుగు రోజులు లేస్తావు. అయిదో రోజు మళ్ళా అలుస్తావు." హొన్నూరయ్య అరుగు మీద కూర్చుని మోకాలు చాపుకున్నాడు. "వాటి తప్పేముంది. చెప్పిన మాట విన్నాయి. తగిలించు పో. లోపల ఉక్కకు చస్తాండారు."

"నన్ను తిట్టండయ్యా. చేస్తానన్నప్పుడే వద్దని ఎందుకనలేదు మీరు? ఊదు మాన్పిస్తే చూస్తా ఊరకున్నారు."

హొన్నూరయ్య ఏటి వైపు చూశాడు.

"నువ్వు అలిసినావు. నేను ముసిలోన్నైనా" అన్నాడు. "ఇద్దరమూ కూచున్నాం."

మదారు సంచి దింపాడు. ప్లగ్గులు మళ్ళీ గుచ్చాడు. బటన్లు అంటించేటప్పుడు మాత్రం ఈసారి ఏమీ నేర్పలేదు. ఎట్లా పిలవాలనుంది అని ఒక్కొక్కరినీ అడిగాడు. నాగలక్షుమ్మ దీపం తీసేయించుకుని, ఎన్నిసార్లు నొక్కినా మనిషి రావాలంది. ఎర్రిస్వామి ఎడమచేతి పక్కకు మార్పించుకుని, ఒకటి కొడితే మోగేట్టు పెట్టించుకున్నాడు. ఖాజాబీ బటనే వద్దంది.

"నేను దగ్గుతా. దగ్గు వినపడేంత దూరంలో ఉండు."

కరెంటు సాంబ్రాణి గిన్నెలు మాత్రం మదారు తగిలించలేదు.

పొద్దు వాలింది. హొన్నూరయ్య గోడ పట్టుకుని వంటింట్లోకి పోయాడు. బోర్లించిన మట్టి గిన్నె తీసి, పొయ్యిలోంచి నిప్పులు తోడి పోశాడు. చెయ్యి కాలినా పట్టించుకోలేదు. ఊదు చల్లి, గిన్నె మదారు చేతుల్లో పెట్టి, తాను అతని భుజం పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరి అడుగుకు ఒకరు ఆగుతూ కదిలారు.

మొదటి గదిలో నాగలక్షుమ్మ పొగ వాసన పట్టి, "నిప్పుల పొగ గదా ఇది" అంది. అరచేతులు పట్టి కళ్ళకద్దుకుంది. చాలా రోజుల కలలు కూడబెట్టి ఉంచింది. అన్నీ చెప్పింది. మదారు నిలబడి విన్నాడు.

రెండో గది ఎర్రిస్వామిది. దీపం ఇంకా వేయలేదు. కిటికీలోంచి మాపటి వెలుతురు మంచం మీద పడుతోంది. మదారు గిన్నె ముందుకు చాపాడు. ఎర్రిస్వామి ఎడమచెయ్యి పొగ మీదికి వచ్చింది. కుడిచెయ్యి దుప్పటి మీదే ఉంది. ఆయన దాన్ని చూశాడు. ఎవరిదో వేరే వాళ్ళది ఇక్కడ మరిచిపోయినట్టు చూశాడు.

హొన్నూరయ్య మదారు భుజం వదిలి, మంచం పట్టె పట్టుకుని, నొప్పికి మూలుగుతూ వంగాడు. చచ్చుబడిన ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ముడుచుకున్న వేళ్ళను ఒక్కొక్కటే విప్పాడు. అరచేతిని పొగ మీద పట్టి, అది వెచ్చబడేదాకా అట్లాగే ఉంచాడు. తర్వాత దాన్ని ఎత్తి ఎర్రిస్వామి కళ్ళకు అద్దాడు. ముందు కుడికన్ను, తర్వాత ఎడమకన్ను.

ఆ చేతిని తిరిగి దుప్పటి మీద పెట్టలేదు. మదారు వైపు చాపాడు.

మదారు గిన్నె కింద పెట్టి ఆ చెయ్యి అందుకున్నాడు. అంత బరువుంటుందనుకోలేదు. పట్టుకుని మంచం అంచు మీద కూర్చుండిపోయాడు. వాకిట్లో గాలి తిరిగింది. పక్క గదిలో ఖాజాబీ దగ్గింది.

"అయ్యా" అన్నాడు మదారు, తల వంచుకునే. "నన్ను వెళ్ళిపొమ్మంటారా?"

హొన్నూరయ్య వంగి గిన్నెలోకి చూశాడు. ఉఫ్ మని ఒకసారి ఊదాడు. బూడిద కింద కాస్త ఎరుపు కదిలింది.

"ఇంకా నాలుగు గదులుండాయిరా" అన్నాడు. "నిప్పు ఆరిపోతాంది. పద."

ఎర్రిస్వామికి కుడి పక్క మళ్ళీ రాలేదు.